కాలేయం వాచిందని ఎలా పసిగట్టాలి: ఇంట్లో చూసుకోవాల్సినవి, ల్యాబ్‌లో అడగాల్సినవి

"అన్నా, కళ్ళు కొంచెం పచ్చగా ఉన్నాయి, కామెర్లేనంటావా?" రక్తం తీసే బల్ల దగ్గర నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. రిపోర్టు చేతికందాక రెండోది వస్తుంది: "ఎస్‌జీపీటీ రెండొందలుంది, ఇప్పుడేం చెయ్యాలి?" (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము అది.) పెళ్ళిళ్ళలో పక్కకు పిలిచి అడిగేవాళ్ళున్నారు, అర్ధరాత్రి రిపోర్టు ఫొటో పంపేవాళ్ళున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేది ఒకచోట రాస్తున్నాను. నేను ల్యాబ్ టెక్నీషియన్ని, డాక్టర్ని కాను. మందు చెప్పను. ఏం చూడాలో, ఎప్పుడు పరుగెత్తాలో, రిపోర్టులో ఏ అంకె దగ్గర ఆగాలో చెబుతాను.

కాలేయ వాపు అనగానే చాలామంది పొట్ట తడుముకుంటారు. వైరస్ వల్లో, మద్యం వల్లో, మందుల వల్లో, కొవ్వు పేరుకునో కాలేయ కణాలు దెబ్బతినడాన్ని హెపటైటిస్ అంటారు; వాపు అనేది లోపలి సంగతి. కామెర్లు దానికి బయట కనిపించే గుర్తుల్లో ఒకటి, అదీ ఆలస్యంగా వచ్చేది. ఆ పచ్చదనం తెచ్చే పదార్థం బిలిరుబిన్. రక్తంలో అది మామూలుగా డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. కంటికి పచ్చదనం తెలియాలంటే రెండున్నర, మూడు దాకా పెరగాలి. అందుకే పచ్చబడ్డాక మొదలుపెట్టేవాళ్ళు అప్పటికే కొన్ని రోజులు పోగొట్టుకుని ఉంటారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పగటి వెలుతురు బాగా పడే కిటికీ
- రంగులేని గాజు సీసా, ఒక తెల్లకాగితం
- థర్మామీటరు
- కుట్టుపని టేపు
- నోటుపుస్తకం, పెన్ను
- గత మూడు నెలల్లో మింగిన ప్రతి మందు అట్ట, ప్రతి పొడి, కషాయం, టానిక్కు సీసా
- పాత రక్తపరీక్షల రిపోర్టులు ఉంటే అవి

1. ముందు ఆకలి సంగతి అడగండి

వైరస్‌తో వచ్చే కాలేయ వాపు మొదటి రోజుల్లో మామూలు జ్వరంలాగే ఉంటుంది. సన్నగా ఒళ్ళు వెచ్చబడటం, నొప్పులు, లేవబుద్ధి కాని నీరసం. తేడా అన్నం దగ్గర తెలుస్తుంది. మామూలు జ్వరంలో నోరు చేదుగా ఉన్నా చారన్నం నాలుగు ముద్దలు దిగుతాయి. ఇక్కడ తిరగమాత వాసనకే కడుపులో తిప్పుతుంది. రోజూ సిగరెట్టు కాల్చేవాడు ఉన్నట్టుండి దాని వాసన పడక పక్కన పెట్టేస్తాడు. కుడివైపు పక్కటెముకల అంచు కింద బరువుగా, పట్టేసినట్టు ఉంటుంది. హెపటైటిస్ బి సోకినవాళ్ళలో కొందరికి కామెర్లకు ముందే కీళ్ళనొప్పులు, ఒంటిమీద దద్దుర్లు వస్తాయి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: గ్యాస్ అనుకోవడం. వాంతి వచ్చినా, డొక్కలో పట్టేసినా గ్యాస్ మాత్ర వేసుకుని వారం గడిపేస్తారు. ఆకలి పూర్తిగా చచ్చిపోయి మూడు రోజులు దాటితే అది గ్యాస్ లెక్కలోకి రాదు, రెండో మెట్టుకు వెళ్ళండి.

ఆరేళ్ళ లోపు పిల్లల్లో హెపటైటిస్ ఎ చాలావరకు కామెర్లు లేకుండానే వచ్చి పోతుంది. వాడు రెండు రోజులు డల్‌గా ఉండి ఆటల్లో పడతాడు. మూడు, నాలుగు వారాలకు ఇంట్లో పెద్దవాళ్ళు మంచం పడతారు. పెద్దవాళ్ళకు వచ్చినప్పుడు ఈమధ్య పిల్లలెవరికైనా ఒంట్లో బాగాలేకపోయిందా అని గుర్తు చేసుకోండి.

2. మూత్రాన్ని సీసాలో పట్టి చూడండి

కళ్ళకంటే ఒకటి నుంచి ఐదు రోజుల ముందే మూత్రం చెబుతుంది. బాత్‌రూమ్ నేల రంగులో ఏదీ తెలియదు, అందుకే గాజు సీసా. తెల్లకాగితం ముందు పెట్టి చూడండి. ఆవనూనె రంగులోనో, పాలు పోయని టీ రంగులోనో ఉంటే అనుమానించాలి. మూత గట్టిగా పెట్టి బాగా కుదపండి. మామూలు మూత్రంలో నురుగు తెల్లగా ఉంటుంది. బిలిరుబిన్ దిగుతుంటే నురుగు కూడా పచ్చగా ఉంటుంది.

మోసపోయే సందర్భాలు:

- ఎండాకాలం నీళ్ళు తక్కువైతే మూత్రం ముదురు పసుపుగా వస్తుంది. మూడు గ్లాసుల నీళ్ళు తాగి రెండు, మూడు గంటల తర్వాత మళ్ళీ చూడండి. రంగు తేలికపడితే అది నీళ్ళ లోటే.
- బి కాంప్లెక్స్ మాత్ర మూత్రాన్ని మెరిసే పసుపు చేస్తుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ నారింజ, ఎరుపు రంగు తెస్తుంది. ఈ రంగులు రెండూ హానికరం కావు. అయితే టీబీ మందులు కాలేయాన్ని దెబ్బతీసే అవకాశమూ ఉంది కాబట్టి రంగును వదిలేసి ఆకలిని, వాంతులను చూసుకోవాలి.
- మలేరియా మందో మరో మాత్రో వేసుకున్న ఒకటి రెండు రోజులకు మూత్రం కోలా డ్రింకులా నల్లబడితే అది ఎర్రకణాలు పగిలిపోవడం కావచ్చు. ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళకు ఇలా అవుతుంది. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

3. కళ్ళు చూసే పద్ధతి

ట్యూబ్‌లైటు కింద, ఎల్‌ఈడీ బల్బు కింద చూడొద్దు. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కిందికి చూడమని, పైరెప్పను బొటనవేలితో మెల్లగా పైకెత్తండి. రెప్ప కింద దాగి ఉండే తెల్లభాగం చూడాలి. పక్కన మరో మనిషిని నిలబెట్టి పోల్చండి. తర్వాత నాలుక పైకెత్తించి దాని కిందిభాగం చూడండి.

ఎండలో పనిచేసేవాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు కంటి మూలల్లో మట్టిరంగు మచ్చలు, పసుపుపచ్చ గడ్డల్లాంటివి ఉంటాయి. అవి ఎండ సోకే చోటే ఉంటాయి, రెప్ప కింద తెల్లగానే ఉంటుంది. కామెర్ల పచ్చదనం అంతటా సమంగా పరుచుకుంటుంది. క్యారెట్, బొప్పాయి రోజూ ఎక్కువగా తినేవాళ్ళకు అరచేతులు పసుపెక్కుతాయి, కళ్ళు మాత్రం మారవు. మా దగ్గరకు అరచేతులు చూపించి భయపడుతూ వచ్చినవాళ్ళలో కొందరికి బిలిరుబిన్ 0.6 ఉండేది.

రోజూ ఒకే కిటికీ దగ్గర, ఒకే సమయానికి ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టరుకు మాటలకంటే అది ఎక్కువ ఉపయోగం. ఫోన్‌లో ఫిల్టర్లు ఆపేయండి.

4. మలం రంగు, దురద

మూత్రం ముదిరి, మలం తెల్లసుద్దలా పాలిపోయి, ఒళ్ళంతా దురద పెడుతుంటే పిత్తం పేగులోకి దిగడం లేదని అర్థం. ఇది వైరస్ వాపులోనూ కొన్నాళ్ళు ఉండొచ్చు. పిత్తనాళంలో రాయో, గడ్డో అడ్డుపడినా ఇలాగే ఉంటుంది. కడుపు స్కానింగ్ చేయిస్తే తేలుతుంది. నొప్పి లేకుండా కామెర్లు పెరుగుతూ, బరువు తగ్గుతున్న పెద్దవాళ్ళకు ఆ స్కానింగ్ వాయిదా వెయ్యొద్దు. చలితో వణికించే జ్వరం, కుడి డొక్కలో నొప్పి, కామెర్లు మూడూ కలిస్తే పిత్తనాళంలో చీము కావచ్చు, అప్పుడు గంటలు కూడా లెక్కే.

నెలల పిల్లల విషయం వేరుగా చెప్పాలి. పుట్టిన రెండు వారాల తర్వాత కూడా కళ్ళు పచ్చగా ఉండి, మలం తెల్లగా వస్తుంటే ఎండలో పడుకోబెడుతూ కూర్చోవద్దు. పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బయితే ఆపరేషన్ రెండు నెలలు నిండేలోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది.

5. జ్వరాన్ని రోజుకు మూడుసార్లు రాసుకోండి

హెపటైటిస్ ఎ, ఇ వచ్చినప్పుడు సాధారణంగా కళ్ళు పచ్చబడే వేళకు జ్వరం తగ్గుముఖం పడుతుంది. కళ్ళు పచ్చబడ్డాక కూడా జ్వరం 102 దగ్గరే కాస్తుంటే వేరే జబ్బులు వెతకాలి. మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్ మూడూ కాలేయాన్ని తాకుతాయి. వరిమళ్ళలో, వరదనీళ్ళలో దిగినవాళ్ళకు ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వస్తుంది. అందులో కళ్ళు పచ్చదనంతోపాటు ఎర్రబడతాయి, పిక్కలు పట్టుకుంటేనే నొప్పి. కృష్ణా, గుంటూరు వైపు రైతు కుటుంబాలకు ఇది తెలిసి ఉండాలి. దీనికి యాంటీబయాటిక్ ఉంది, తొందరగా మొదలుపెట్టాలి. మామూలు కామెర్లే అనుకుని పత్యంలో పెడితే కిడ్నీలు దెబ్బతింటాయి.

6. మెదడు పరీక్ష. ఈ మెట్టు ఏ రోజూ మానొద్దు

ఇది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

మా మేనమామకు కళ్ళు పచ్చబడితే ఊళ్ళో పసరు పోయించారు. ముంజేతికి వాత కూడా పెట్టారు. నాకు ఫోన్ వచ్చేసరికి పదకొండో రోజు. "మందు బాగా పట్టిందిరా, పగలంతా నిద్రపోతున్నాడు, రాత్రే కాస్త సతాయిస్తున్నాడు" అంది అత్త. పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఆ మాట వినగానే బండి కట్టించి తీసుకురమ్మన్నాను. ఆయన శాంపిల్ నా చేత్తోనే నడిపాను. రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్‌ఆర్, మామూలుగా 1 దగ్గర ఉండాల్సింది, మూడు దాటింది. రెండు రోజులకు ఆయన వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ఎవరూ నిర్లక్ష్యం చెయ్యలేదు. వాళ్ళు చూస్తున్న గుర్తు కళ్ళ రంగు, చూడాల్సిన గుర్తు ఆ నిద్ర. అది వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

కాలేయం చేతులెత్తేస్తే రక్తంలో అమ్మోనియా వంటివి పేరుకుని మెదడును మసకబారుస్తాయి. మొదట్లో అది చాలా సన్నగా ఉంటుంది. రోజూ ఉదయం, సాయంత్రం ఇలా చూడండి:

- నోటుపుస్తకంలో తేదీ వేసి సంతకం చేయించండి. నిన్నటి దానితో పోల్చండి. గీత వణికినా, అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడినా గుర్తించండి.
- 20 నుంచి వెనక్కి లెక్కపెట్టమనండి. చదువుకోనివాళ్ళయితే వారాల పేర్లు వెనక నుంచి చెప్పమనండి.
- రెండు చేతులూ ముందుకు చాపి, ట్రాఫిక్ పోలీసు ఆపమన్నట్టు మణికట్లు పైకి వంచి, వేళ్ళు విడదీసి అర నిమిషం ఉంచమనండి. అరచేతులు ఉండుండి ముందుకు జారి మళ్ళీ లేస్తుంటే అది ప్రమాద సూచన.
- నిద్ర వేళలు తారుమారయ్యాయా, మాట తడబడుతోందా, ఊరికే కోపగించుకుంటున్నాడా, పెట్టిన వస్తువు ఎక్కడుందో మరిచిపోతున్నాడా అని ఇంట్లో ఎక్కువ సేపు దగ్గరుండే మనిషిని అడగండి. వాళ్ళకే ముందు తెలుస్తుంది.

వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా 108కు ఫోన్ చెయ్యండి. రేపు ఉదయం దాకా ఆగొద్దు. చిన్న క్లినిక్ కాకుండా, ఐసీయూ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళండి. నిద్ర పట్టడం లేదన్నారని నిద్రమాత్ర ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వొద్దు, దానితో మనిషి ఏ స్థితిలో ఉన్నాడో తెలియకుండా పోతుంది. రక్తంలో చక్కెర పడిపోయినా ఇలాగే ఉంటుంది కాబట్టి ఇంట్లో షుగర్ మిషన్ ఉంటే ఒక చుక్క చూసి ఆ అంకె రాసుకెళ్ళండి.

మగతతో పనిలేకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాల్సినవి: రక్తం వాంతి కావడం, మలం తారులా నల్లగా రావడం, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం ఆగకపోవడం, నీళ్ళు కూడా కడుపులో నిలవని వాంతులు, పొట్ట రోజురోజుకీ ఉబ్బడం. గర్భిణికి కళ్ళు పచ్చబడితే మిగతా గుర్తులేవీ చూడక్కర్లేదు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఇ చివరి మూడు నెలల్లో సోకితే 20 నుంచి 25 శాతం దాకా ప్రాణం మీదికి వస్తుంది.

7. వెనక్కి లెక్కపెట్టండి

పచ్చబడిన రోజు నుంచి వెనక్కి క్యాలెండర్ తిప్పండి. హెపటైటిస్ ఎ అయితే 15 నుంచి 50 రోజుల వెనక, ఇ అయితే రెండు నుంచి పది వారాల వెనక తాగిన నీళ్ళు, తిన్న తిండి. బి, సి అయితే రక్తం ఎక్కించుకోవడం, సూదులు, పచ్చబొట్టు, మంగలి కత్తి, శారీరక సంబంధం. ఇవి నెలల వెనక్కి, ఒక్కోసారి ఆరు నెలల దాకా వెళతాయి. నిన్న తిన్న నూనె వంటకం వల్ల కామెర్లు రావు.

వీధిలో పది ఇళ్ళల్లో కామెర్లుంటే పైపులైన్ చూడమని మున్సిపాలిటీకి చెప్పండి. 1955 డిసెంబరులో ఢిల్లీలో యమున నీటిలో మురుగు కలిసి, కొన్ని వారాల్లోనే దాదాపు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఇ అని ఏళ్ళ తర్వాత, దాచిపెట్టిన రక్తనమూనాలు పరీక్షించాక తేలింది.

తర్వాత మందుల అట్టలన్నీ బల్లమీద పరవండి. ఎక్కువమంది దాచేది, మరిచేది ఇక్కడే.

- పారాసెటమాల్: ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు రోజుకు 4 గ్రాములు పై హద్దు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 8. మద్యం తాగేవాళ్ళకు, పస్తులున్నవాళ్ళకు హద్దు ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లోనూ, ఒళ్ళునొప్పుల మాత్రల్లోనూ ఇది కలిసి ఉంటుంది, అట్ట వెనక చదివి కూడండి.
- టీబీ మందులు: మొదటి రెండు నెలల్లో జాగ్రత్త ఎక్కువ. వాంతులు, ఆకలి చావడం మొదలైతే ఆ రోజు మాత్ర వేసుకునే ముందే మందులిచ్చే కేంద్రానికి ఫోన్ చెయ్యండి.
- ఆకు మందులు, పొడులు, జిమ్ పౌడర్లు: "ఇది మందు కాదులే" అని చెప్పరు. కోవిడ్ రోజుల్లో రోగనిరోధకశక్తికని తిప్పతీగ తాగినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై వైద్యులు బయటపెట్టారు.
- ఎలుకల పేస్టు: పిల్లలు నోట్లో పెట్టుకున్నా, ఇంకెవరు మింగినా, మొదటి రోజు వాంతులై తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి బాగున్నట్టే ఉంటాడు. పచ్చభాస్వరం ఉన్న పేస్టు ఆ బాగున్న రోజుల్లోనే కాలేయాన్ని తినేస్తుంది. గుర్తుల కోసం చూడకుండా వెంటనే, ఆ ట్యూబుతో సహా తీసుకెళ్ళండి.

8. ల్యాబ్‌లో ఏం చేయించాలి

"కామెర్ల టెస్టు" అని అడిగితే చాలాచోట్ల బిలిరుబిన్ ఒక్కటే చేసి పంపుతారు. అది సరిపోదు. డాక్టరు రాస్తే సరే, లేకపోతే ఇవి ఉన్నాయో లేదో అడగండి: పూర్తి ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పనితీరు పరీక్షలు), ప్రోత్రాంబిన్ టైమ్‌తో ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే సమయం), సీబీపీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీలకు), హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బికి), యాంటీ హెచ్‌సీవీ (హెపటైటిస్ సికి). హెపటైటిస్ ఎ, ఇ ఐజీఎం పరీక్షలు డాక్టరు చెబితే. జ్వరం ఉంటే మలేరియా, డెంగీ కూడా.

శాంపిల్ ఇచ్చేటప్పుడు ఇవి చూడండి, నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. ఐఎన్‌ఆర్ శాంపిల్ నీలంమూత ట్యూబులో తీస్తారు. దానిమీది గీత దాకా రక్తం నిండాలి. తక్కువైతే ఐఎన్‌ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నిండలేదనిపిస్తే మొహమాటపడకుండా మళ్ళీ తియ్యమనండి. ఇంటికి వచ్చి తీసుకెళ్ళే శాంపిల్‌ను ఎండలో పెట్టకూడదు, వెలుతురుకు బిలిరుబిన్ తగ్గిపోతుంది. రక్తం తీయడం కష్టమై కణాలు పగిలితే ఎస్‌జీఓటీ అనే ఎంజైము నిజంగా పెరగకపోయినా పెరిగినట్టు చూపిస్తుంది, రిపోర్టు కింద "హీమోలైజ్డ్" అని రాసి ఉంటే మళ్ళీ ఇవ్వండి. నిన్న జిమ్‌లో బరువులెత్తినా ఈ ఎంజైములు పెరుగుతాయి, ఎందుకంటే అవి కండరాల్లోనూ ఉంటాయి. ఎల్‌ఎఫ్‌టీకి పస్తు ఉండాల్సిన పనిలేదు.

9. రిపోర్టు చదివే వరస

ఎక్కువమంది ఎస్‌జీపీటీ దగ్గర కళ్ళు పెట్టి కూర్చుంటారు. మీరు ఐఎన్‌ఆర్ నుంచి మొదలుపెట్టండి.

ఐఎన్‌ఆర్ మామూలుగా 1 దగ్గర ఉంటుంది. రక్తం గడ్డకట్టే ప్రోటీన్లను కాలేయమే తయారుచేస్తుంది కాబట్టి, అది ఇంకా పనిచేస్తోందా లేదా అన్నది ఇక్కడ తెలుస్తుంది. 1.5 దాటితే మనిషి కూర్చుని మాట్లాడుతున్నా ఆసుపత్రిలో ఉండాలి. రక్తం పల్చబరిచే మందు వాడేవాళ్ళకు ఈ లెక్క వర్తించదు.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీలు దెబ్బతిన్న కణాల నుంచి కారినవి. చాలా ల్యాబ్‌లలో 40 దాకా నార్మల్. వైరస్ వాపులో వందలు దాటి వేలల్లోకి వెళతాయి. 2000 చూసి ఏడ్చినవాళ్ళలో ఐఎన్‌ఆర్ బాగున్నవాళ్ళు నెల తిరిగేసరికి పనుల్లోకి వెళ్ళారు. కొవ్వు కాలేయంలో 60, 80, 120 ఇలా ఉంటాయి. మద్యం వల్ల వచ్చే వాపులో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు ఉంటుంది, 300 దాటడం అరుదు, అయినా మనిషి మాత్రం చాలా జబ్బుగా ఉంటాడు. రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు, డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఈ అంకెల్లో పెద్ద ఉచ్చు ఒకటుంది. ఎస్‌జీపీటీ 1800 నుంచి 300కు దిగిందని సంబరపడే ముందు బిలిరుబిన్, ఐఎన్‌ఆర్ చూడండి. అవి కూడా దిగుతుంటే కోలుకుంటున్నట్టు. అవి పెరుగుతుంటే కారడానికి కణాలే మిగల్లేదన్నమాట.

బిలిరుబిన్ 2 లోపు ఉండి, అందులో "డైరెక్ట్" అని విడిగా రాసే భాగం మామూలుగా ఉండి, ఎంజైములన్నీ నార్మల్ అయితే, అదీ ఉపవాసాలప్పుడే పెరుగుతుంటే, గిల్బర్ట్ సిండ్రోమ్ కావచ్చు. పుట్టుకతో వచ్చేది, హాని లేదు, మందు అక్కర్లేదు. ఒకసారి డాక్టరు చేత తేల్చుకుంటే ఇక ఏటా భయపడక్కర్లేదు.

కాలేయం తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గి ఉంటే జబ్బు కొత్తది కాకపోవచ్చు, అది తగ్గడానికి వారాలు పడుతుంది.

10. ఏ గుర్తూ లేకపోతే

కొవ్వు కాలేయం, హెపటైటిస్ బి, సి ఏళ్ళ తరబడి ఏమీ చెప్పకుండా ఉండగలవు. టేపుతో నడుము కొలవండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే, షుగర్ ఉంటే, కాలేయం సంగతి చూసుకోవాలి. ముదిరిన జబ్బుకు బయటి గుర్తులు: ఛాతీమీద సాలెపురుగు కాళ్ళలా సన్నటి ఎర్ర నరాలు, అరచేతులు ఎర్రబడటం, మోకాలి కింది ఎముక మీద వేలితో పది సెకన్లు నొక్కితే గుంట నిలవడం, బొడ్డు దగ్గర కొలత వారం వారం పెరగడం.

కాలేయం గట్టిపడుతోందా అని కాగితం మీద ఒక అంచనా వెయ్యొచ్చు, దాన్ని ఫిబ్-4 అంటారు. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. వేరే చోట ప్లేట్‌లెట్లను వేలల్లో రాసి ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 45 ఏళ్ళు, ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2 లక్షలు అనుకోండి. 45ను 40తో గుణిస్తే 1800, 200ను 8తో గుణిస్తే 1600, భాగిస్తే 1.125. 1.3 లోపు ఉంటే గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే లివర్ డాక్టరును కలవాలి. మధ్యలో ఉంటే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ అడగండి. 35 ఏళ్ళ లోపువాళ్ళకు, ఇప్పుడే కామెర్లతో ఉన్నవాళ్ళకు ఈ లెక్క పనికిరాదు. 65 దాటినవాళ్ళకు కింది హద్దు 2.

11. తగ్గే దాకా ఇంట్లో

తిండి విషయంలో మనవాళ్ళు పెట్టే కష్టం చూస్తే బాధేస్తుంది. నూనె లేదు, ఉప్పు లేదు, పప్పు లేదు, పద్దెనిమిది రోజులు మజ్జిగన్నం. అసలే ఆకలి లేని మనిషికి అది పస్తే. వాంతి లేకుండా దిగేదేదైనా పెట్టొచ్చు: ఇడ్లీ, పెసరపప్పు అన్నం, గుడ్డు, పెరుగు, పండ్లు. కొంచెం నూనె వల్ల నష్టం లేదు. పొద్దుటిపూట ఆకలి కాస్త మెరుగ్గా ఉంటుంది, పెద్ద భోజనం అప్పుడే పెట్టండి. రోడ్డు పక్క చెరకురసం చలువని తెస్తారు. ఆ ఐసు ఏ నీళ్ళదో తెలియదు, వద్దు. మద్యం ఒక్క చుక్క వద్దు. నొప్పిమాత్రలు డాక్టరును అడగకుండా వద్దు.

పసరు మందు గురించి అడుగుతారు కాబట్టి చెబుతాను. హెపటైటిస్ ఎ, ఇ ఎక్కువమందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు వస్తుంది. నేల ఉసిరిని ఎవరూ చూడకుండా తోసెయ్యలేదు. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లూంబర్గ్, చెన్నై పరిశోధకులతో కలిసి 1988లో దానిమీద ఆశాజనకమైన ఫలితాలు ప్రచురించాడు. తర్వాత చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. ఇంట్లో పెద్దవాళ్ళ మాట కాదనలేకపోతే కనీసం ఈ మూడు ఒప్పుకోవద్దు: కంట్లో పసరు పొయ్యడం, వాత పెట్టడం, ఆసుపత్రి మందులు ఆపెయ్యడం. ఐఎన్‌ఆర్ మాత్రం ముందు చేయించండి.

ఎ, ఇ సోకినవాళ్ళ నుంచి వైరస్ మలం ద్వారా బయటికి పోతుంది. హెపటైటిస్ ఎ అయితే కళ్ళు పచ్చబడే ముందు రెండు వారాలే ఎక్కువగా అంటుకునే కాలం, ఆ తర్వాత మరో వారం. ఆ రోజుల్లో వాళ్ళు వంట చెయ్యకూడదు, మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బు తప్పనిసరి, ఇంటిల్లిపాదికీ మరగకాచిన నీళ్ళు. కంచం, గ్లాసు సబ్బుతో కడిగితే చాలు, మనిషిని వేరే గదిలో పెట్టక్కర్లేదు.

12. తగ్గిందని ఎలా తెలుస్తుంది

ముందు ఆకలి తిరిగొస్తుంది, తర్వాత మూత్రం తేటపడుతుంది, కళ్ళు అన్నిటికంటే చివర. కళ్ళు ఇంకా పచ్చగా ఉన్నాయని కొత్త మందుల వెంటపడొద్దు. మొదట్లో డాక్టరు చెప్పినన్ని రోజులకోసారి, తగ్గుతున్నప్పుడు వారానికోసారి, ఒకే ల్యాబ్‌లో ఎల్‌ఎఫ్‌టీ, ఐఎన్‌ఆర్ చేయించండి. ల్యాబ్ మారితే నార్మల్ రేంజ్ మారుతుంది, పోలిక కుదరదు. ఎక్కువమందికి రెండు, మూడు నెలల్లో అంకెలు సర్దుకుంటాయి. హెపటైటిస్ ఎ కొందరిలో ఒకసారి తగ్గి మళ్ళీ తిరగబెడుతుంది, అది కూడా సాధారణంగా నయమవుతుంది.

హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వస్తే ఆరు నెలల తర్వాత మళ్ళీ చేయించండి. అప్పటికీ పాజిటివ్‌గా ఉంటే వైరస్ స్థిరపడింది, జీవితాంతం గమనించుకోవాలి. పెద్దవయసులో సోకినవాళ్ళలో 5 శాతం లోపు మందికే అలా అవుతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే దాదాపు 90 శాతం మందికి. అందుకే బిడ్డకు 24 గంటల్లోపు టీకా. యాంటీ హెచ్‌సీవీ పాజిటివ్ అయితే అక్కడితో ఆగక, వైరస్ ఇప్పుడు రక్తంలో ఉందో లేదో చెప్పే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించాలి. అది కూడా పాజిటివ్ అయితే సాధారణంగా 12 వారాల మాత్రలతో ఎక్కువమందికి వైరస్ పూర్తిగా పోతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి పరీక్షలు, మందులు ఉచితం. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి.

ఇంట్లో ఒకరికి బి తేలితే భార్య లేక భర్త, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ హెచ్‌బీఎస్ఏజీ చేయించుకోవాలి. నెగటివ్ వచ్చినవాళ్ళు టీకా వేయించుకోండి: ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలలో ఒకటి. దేశంలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది, ఇప్పుడు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. ఆరో నెల డోసును ఎక్కువమంది మరిచిపోతారు. మొదటి సూది వేయించుకున్న రోజే ఫోన్ క్యాలెండర్‌లో మూడో డోసు తేదీ పెట్టేసుకోండి.